జెరిమీ బ్రెట్: షెర్లాక్ హోమ్సు పాత్రధారి

కథలలో పుట్టి, నిజముగ పుట్టి పెరిగినవారికంటె దృఢముగ లోకుల మనసులలో నిలిచిపోయిన వ్యక్తులు కొందరు కలరు. ఆంగ్ల సాహిత్యమున అట్టివారిలో షెర్లాక్ హోమ్సు అగ్రగణ్యుడు. ఆర్థరు కొనన్ డాయిలు అను వైద్యుడు రోగులు రాని తీరిక వేళలలో కల్పించిన ఈ అపరాధ పరిశోధకుడు 1887లో మొదటిసారి పాఠకుల యెదుటికి వచ్చెను. నాలుగు నవలలలోను, ఏబదియారు చిన్న కథలలోను అతడు సంచరించెను. లండను నగరమున బేకరు వీథిలోని 221బి అను అతని కల్పిత గృహమునకు పలు దేశముల నుండి చిరకాలము ఉత్తరములు వచ్చుచుండెడివి. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుని, అతని సహాయకుడగు రాజును ఎరిగిన తెలుగు పాఠకులకు హోమ్సు, వాట్సనుల జంటను క్రొత్తగ పరిచయము చేయనక్కరలేదు.

ఈ హోమ్సు పాత్రను ధరించిన నటుల పట్టిక మిక్కిలి దీర్ఘమైనది. రంగస్థలమున అమెరికా నటుడు విలియము జిలెట్టు, చలనచిత్రములలో బాసిల్ రాత్‌బోన్ దీనివలన విశేష ఖ్యాతి గడించిరి. రాత్‌బోన్ 1939 మొదలు 1946 వరకు పదునాలుగు చిత్రములలో హోమ్సుగా కనిపించెను. కాని నటులు మారినకొలది పాత్ర పుస్తకమునకు దూరమగుచు వచ్చెను. వేటటోపి, వంపు తిరిగిన పొగగొట్టము, భూతద్దము — ఈ మూడును ఉన్నచో చాలును, హోమ్సు వచ్చినట్లే యను స్థితి యేర్పడెను. డాయిలు ఎన్నడును వ్రాయని మాటలు హోమ్సు నోటి ఊతపదములై కూర్చుండెను. యుద్ధభూమిలో తుపాకి గుండు తగిలి తిరిగివచ్చిన సైనిక వైద్యుడగు వాట్సను తెరమీద నవ్వుల పాలగు మందమతిగ మారిపోయెను. ఈ బొమ్మను తొలగించి, పుటలలోని మనిషిని మరల వెలికి తెచ్చిన నటుడు జెరిమీ బ్రెట్. ఆ పనికి అతడు చెల్లించిన వెల స్వల్పమైనది కాదు.

ఇతని అసలు పేరు పీటరు జెరిమీ విలియము హగ్గిన్సు. 1933వ సంవత్సరము నవంబరు 3వ తేదీన ఇంగ్లండులోని వారిక్‌షైరు మండలమున బెర్క్స్‌వెల్ అను గ్రామమందు జన్మించెను. తండ్రి సైన్యమున లెఫ్టినెంటు కర్నలు. పరాక్రమమునకు పతకములు పొందినవాడు. తల్లి చాకొలెట్టుల వ్యాపారమున ప్రసిద్ధికెక్కిన క్యాడ్‌బరీ వంశమునకు చెందినది. నలుగురు అన్నదమ్ములలో జెరిమీ కడపటివాడు. కలవారింట పుట్టినను ఇతని బాల్యము సుఖముగ గడచినదని చెప్పుటకు వీలులేదు. అక్షరములు తారుమారుగ కనిపించు డిస్‌లెక్సియా అను లోపము ఇతనికుండెను. ఆ కాలమున ఆ లోపమునకు పేరు పెట్టి ఓదార్చువారు లేరు. చదువురాని పిల్లవాడని అనుటయే యుండెను. పైగా నాలుకదోషము వలన రేఫము పలుకకుండెను. ప్రఖ్యాతమైన ఈటన్ పాఠశాలలో ఇతడు చదువులో వెనుకబడినను, ప్రార్థన గీతములు పాడు బృందమున మాత్రము చక్కని కంఠముతో పేరు తెచ్చుకొనెను.

పదునారేండ్ల ప్రాయమున కీళ్లవాత జ్వరము వచ్చి, అతని గుండెకు శాశ్వతమైన హాని చేసిపోయెను. నలువది యేండ్లకు పైగా ఆ హాని చాటున దాగియుండి, చివరకు తన బాకీ వసూలు చేసికొనెను. నాలుకకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట పలుకు సరియైనది గాని, అది తనంత తాను కుదిరినది కాదు. సంవత్సరముల తరబడి ఉచ్చారణాభ్యాసములు చేసి సాధించెను. నటుడుగా స్థిరపడిన పిదప కూడ ఆ అభ్యాసములను మానలేదు. తరువాతి కాలమున హోమ్సు నోట ప్రతి హల్లును కత్తితో చెక్కినట్లు వినిపించిన ఆ వాక్కు, ఒకనాడు రేఫము పలుకలేని బాలునిది.

నటుడు కావలెనని కుమారుడు కోరినపుడు తండ్రి కాదనలేదు. కాని హగ్గిన్సు వంశనామము నాటకశాల గోడల ప్రకటనలకు ఎక్కుటకు ఆయన సమ్మతింపలేదు. మన దేశమున కూడ నాటకములలో వేషము కట్టుట కులీనులకు తగదనుకొనిన తరమొకటి యుండెను గనుక ఈ తండ్రి హృదయము మనకు తెలియనిది కాదు. కుమారుడు తన కోటు లోపలి చీటీమీదనున్న దర్జీ దుకాణపు పేరు చూచి, అందలి బ్రెట్ అను మాటను తన పేరుగ స్వీకరించెను. లండనులోని సెంట్రల్ స్కూలు అను నాట్య విద్యాలయమున శిక్షణ పొంది, 1954లో మాంచెస్టరు నగరపు లైబ్రరీ థియేటరులో తొలిసారి రంగమెక్కెను. ముప్పదియేండ్ల పిమ్మట అతనికి అఖండ కీర్తిని తెచ్చిన పని కూడ ఆ మాంచెస్టరులోనే జరుగుట యాదృచ్ఛికము.

తరువాతి పాతికయేండ్ల చరిత్రను క్లుప్తముగ చెప్పిన చాలును. 1956లో టాల్‌స్టాయి నవల యుద్ధము-శాంతి చలనచిత్రమైనపుడు నికొలాయి రోస్టోవు పాత్ర ధరించెను. 1961లో హామ్లెట్ అయ్యెను. 1964లో వెలువడిన మై ఫెయిర్ లేడీ చిత్రమున ఫ్రెడ్డీ అను ప్రేమికుడుగ కనిపించి లోకమునకు సుపరిచితుడయ్యెను. చక్కగ పాడగల ఇతనికి ఆ చిత్రమున వేరొకరి గొంతు జోడించుట చూచిన, సినిమా లోకపు న్యాయములు ఎక్కడనైనను ఒకటే యనిపించును. 1967 నుండి సర్ లారెన్సు ఒలివియేరు నేతృత్వమున నేషనల్ థియేటరులో పనిచేసి, వెనీసు వర్తకుని నాటకమున ఒలివియేరు షైలాకుగా నుండగా తాను బసానియోగా నటించెను. అందమైన రూపము, మంచి శిక్షణ, ఉత్తమ సహవాసము — ఇన్ని యుండియు, నలువదియైదేండ్లు వచ్చువరకు ఇది ఇతని పాత్రయని లోకము వేలెత్తి చూపగల పాత్ర ఒక్కటియు అతనికి లభింపలేదు.

కుటుంబ జీవితమునుగూర్చి రెండు మాటలు. 1958లో నటీమణి అన్నా మాసీని వివాహమాడెను. డేవిడ్ అను కుమారుడు కలిగెను. 1962లో ఆ దంపతులు విడిపోయిరి. 1976లో అమెరికా దేశపు బోస్టను నగరమున టెలివిజను నిర్మాత్రిగనున్న జోన్ విల్సనును పెండ్లాడెను. ఆంగ్ల నాటకములను, అపరాధ పరిశోధక కథలను అమెరికా ప్రజల యిండ్లలోనికి తెచ్చిన కార్యక్రమములకు ఆమెయే సారథి. ఈ రెండవ వివాహము అతనికి నిజమైన ఆశ్రయమయ్యెను.

హోమ్సు కథాలోకమున బ్రెట్ మొదట అడుగుపెట్టినది హోమ్సుగా కాదు, వాట్సనుగా. 1980లో లాసేంజలిసు నగరమున ఒక నాటకమున చార్ల్‌టన్ హెస్టన్ హోమ్సుగా నటింప, ఇతడు వాట్సను వేషము ధరించెను. ఆ నాటకమునకు మూలము డాయిలు రచించిన సైన్ ఆఫ్ ఫోర్ అను నవల. కథకు బీజము పడినది 1857 తిరుగుబాటు నాటి ఆగ్రా కోటలో. అపహరింపబడిన రత్నరాశియు, అండమాను దీవుల కారాగారమును అందు ముఖ్యములు. ఆ విధముగ బ్రెట్‌కు హోమ్సుతో బంధుత్వము కలిపినది భరతఖండపు కథయే. నటుడు ఒక పాత్రను దానికి ప్రక్కనున్న స్నేహితుని కండ్లతో ముందుగ చూచుట గొప్ప మేలు. వాట్సను కథకుడు మాత్రమే కాదనియు, ఆ స్నేహము లేనిచో హోమ్సు యంత్రమై మిగులుననియు బ్రెట్ గట్టిగ నమ్మెను. ఆ నమ్మకము తరువాతి పదేండ్ల పనిలో ఎల్లెడల కానవచ్చును.

డాయిలు 1930లో మరణించెను. ఏబదియేండ్లు గడచుటతో ఆంగ్లదేశమున అతని రచనలపై గ్రంథస్వామ్యము అప్పటికి తీరిపోయెను. మాంచెస్టరులోని గ్రనాడా టెలివిజను సంస్థలో మైకేల్ కాక్సు అను నిర్మాత, డాయిలు కథలను ఉన్నవియున్నట్లు చిత్రింపవలెనని సంకల్పించి, 1982లో బ్రెట్‌ను పిలిపించెను. హక్కుల తగవు ఒకటి అడ్డువచ్చి పని కొంతకాలము ఆగెను. ఆ విరామము వృథా కాలేదు. హోమ్సు ఏమి తినును, ఏ పొగాకు త్రాగును, ఎట్లు కూర్చుండును, ఏ గదిలో ఏ వస్తువు ఎక్కడ నుండును అను వివరములనెల్ల కథల నుండి ఏరి కూర్చి, డెబ్బదియేడు పుటల సంపుటి నొకదానిని సిద్ధము చేసిరి. దానికి బేకరు వీథి ఫైలు అని పేరు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారు ఇట్టి ఫైలు విలువను ఇట్టే గ్రహింపగలరు. సందేహము వచ్చినపుడు వాదములకు తావీయక, ఫలానా పుట చూడుడని చెప్పగల అధికారము దానికుండెను. స్ట్రాండు పత్రికలో సిడ్నీ పాజెట్ గీసిన బొమ్మలను ముందుంచుకొని, నటుల నిలుకడను, కూర్చుండు తీరును, దుస్తులను తీర్చిరి. మాంచెస్టరులో గ్రనాడా వారి స్థలముననే బేకరు వీథిని ఇటుక లిటుకలుగ నిర్మించిరి.

1984వ సంవత్సరము ఏప్రిలు 24వ తేదీన మొదటి భాగము ప్రసారమయ్యెను. నూనె రాచి వెనుకకు దువ్విన నల్లని జుట్టు, పాలిపోయిన మొగము, పొడవైన వ్రేళ్లు. కుర్చీలో ముడుచుకొని మౌనముగ నుండి, అంతలో ఉలికిపాటుతో లేచి సోఫాను దాటి దుముకు వేగము. అకస్మాత్తుగ మెరసి అకస్మాత్తుగ ఆరిపోవు నవ్వు. చూపరులు నివ్వెరపోయిరి. వారు చదివిన హోమ్సు ఇతడే. వేటటోపి పల్లెటూరి ప్రయాణములకే పరిమితమై, నగరమున పొడవు టోపి వచ్చెను. డేవిడ్ బర్క్ ధరించిన వాట్సను చురుకైనవాడు, చక్కనివాడు, ఆత్మగౌరవము గలవాడు. డాయిలు ఉద్దేశించినదియు అదియే.

ఈ మొదటి కథలలో నౌకాదళ సంధిపత్రమునకు సంబంధించిన కథ యొకటి కలదు. విదేశాంగ శాఖలోని ఒక యువక ఉద్యోగి రాత్రి పొద్దుపోవువరకు కూర్చుండి రహస్యపత్రమునకు నకలు వ్రాయుచు, కాఫీ యేల రాలేదో కనుగొనుటకు ఒక్క క్షణము క్రిందికి దిగును. తిరిగివచ్చునప్పటికి బల్లమీది కాగితము మాయము. భయముతో అతనికి మెదడు జ్వరము వచ్చును. ఏ కార్యాలయమున పనిచేసినవాడును ఈ కథను చలింపక చూడజాలడు. ఆ రోగి గదిలో హోమ్సు నేరమును ప్రక్కకు నెట్టి, ఒక గులాబిపువ్వును చేతబట్టి దైవకృపనుగూర్చి తలపోయు ఘట్టము కథలో నున్నది. సామాన్యముగ చిత్రములు తీయువారు కథ నడకకు అడ్డమని మొదట కోసివేయునది అట్టి ఘట్టమునే. ఇచట అది నిలిచినది. బ్రెట్ ఆ కొలది నిమిషములలో చూపిన కోమలత్వమే ఈ హోమ్సును తక్కిన హోమ్సులనుండి వేరుచేయును.

బ్రెట్ డాయిలు గ్రంథమును చేతబట్టుకొనియే చిత్రీకరణ స్థలమునకు వచ్చెడివాడు. టెలివిజను రచయితలు మూలమును విడిచి పెడదారి పట్టినచోట్ల పుట తెరచి చూపి, డాయిలు మాట తిరిగి చేర్చువరకు పట్టు విడువడయ్యెను. దర్శకులకు ఇది కొంత తలనొప్పి యయ్యెననుటలో సందేహము లేదు. కాని ఈ మొండితనమే ఆ ధారావాహికకు వెన్నెముక.

నటుడును పాత్రయు స్వభావమున ఉత్తర దక్షిణ ధ్రువములు. బ్రెట్ మాటకారి, నలుగురిని నవ్వించువాడు, కనిపించిన ప్రతివారిని అక్కున చేర్చుకొనువాడు. సెట్టులోని పనివారి పేర్లు, వారి పిల్లల పేర్లు కూడ గుర్తుంచుకొనెడివాడు. హోమ్సో, హృదయమును గదిలో బెట్టి తాళము వేసినవాడు. ఆ చీకటిగదిలోనికి ప్రవేశించుటకు బ్రెట్ ఒక ఉపాయము పన్నెను. డాయిలు వ్రాయని హోమ్సు బాల్యమును తానే ఊహించెను. తల్లి ముద్దునకు నోచుకొనని పిల్లవానిని, ఎడమొగమైన తండ్రిని, ఒంటరి విద్యార్థి దశను మనసున కల్పించుకొని, వాని ఆధారమున నటించెను. నటులు ఇట్టివి చేయుట వింత కాదు. కాని పాత్ర యొక్క ఒంటరితనమును ఇంతగ తవ్వుకొనినవానికి, అది పని ముగిసిన పిదప కూడ విడువని నీడయగు ప్రమాదము కలదు. తెలుగునాట స్థానము నరసింహారావుగారు సత్యభామ వేషము విప్పినంతనే సత్యభామను విప్పివేయగలిగెడివారు. ఆ పాత్ర ఉల్లాసవతి. హోమ్సు అట్టివాడు కాడు.

హోమ్సు తన శత్రువగు మొరియార్టీతో పెనగులాడి జలపాతమున పడిపోవు కథను స్విట్జర్లండు దేశమున, డాయిలు వర్ణించిన రైకెన్‌బాక్ జలపాతము వద్దనే చిత్రించిరి. అది 1985 సెప్టెంబరులో ప్రసారమయ్యెను. అంతకు ముందే, జూలై 4వ తేదీన, జోన్ విల్సను క్యాన్సరు వ్యాధితో కన్నుమూసెను. కథలో హోమ్సు మరణించి తిరిగివచ్చును. చూపరులు అందుకై ఎదురుచూచుచుండిరి. బ్రెట్ దుఃఖమును దిగమ్రింగి పనిలోనికి తిరిగివచ్చెను. ఈలోగ డేవిడ్ బర్క్ కుటుంబముతో గడపుటకు వీలైన వేరు కొలువునకు వెడలిపోవుచు, తన స్థానమునకు ఎడ్వర్డు హార్డ్‌విక్ పేరు సూచించెను. హార్డ్‌విక్ నేషనల్ థియేటరు నాటి నుండి బ్రెట్‌కు పరిచితుడే. నెమ్మదియు, ఓర్పును మూర్తీభవించిన ఈ క్రొత్త వాట్సను రాక దైవికమే యనవలెను. ఏలనగా తరువాతి కాలమున తెరమీదనే కాక తెరవెనుక కూడ బ్రెట్‌కు అట్టి స్నేహితుని అవసరము కలిగెను.

1986లో ఆ ధారావాహికపు పని ముగియుచుండగా బ్రెట్ మనస్సు చెదరెను. కొన్నాళ్లు మితిలేని ఉత్సాహము, నిద్రలేమి, ఆగని మాటలు. పిమ్మట లేవనీయని విషాదము. ఆసుపత్రిలో చేర్పగా వైద్యులు దానిని ఉన్మాద విషాద వ్యాధిగ, అనగా నేడు బైపోలార్ అని పిలుచు రోగముగ నిర్ణయించిరి. ఆ స్వభావము అతనిలో మునుపే యుండినదనియు, భార్యావియోగమును విశ్రాంతిలేని శ్రమయు దానిని పైకి తెచ్చినవనియు తలచుట సమంజసము. కొన్ని పత్రికలు అతని రోగమునుగూర్చి లేనిపోని ఊహలు ప్రకటించెను. ఆరోగ్యము కోల్పోయినవానికి అపకీర్తి కూడ తోడగుట ఎంత క్రూరమో ఊహింపదగును.

వైద్యులు లిథియము అను మందును ఇచ్చిరి. అది మనస్సును నిలిపెను గాని, దేహమున నీరు చేరజేసి బరువు పెంచెను; కదలికలను మందగింపజేసెను. చిన్ననాడు దెబ్బతిన్న గుండె ఈ భారమును మోయజాలదయ్యెను. సన్నగ, చువ్వవలె నుండవలసిన హోమ్సు మొగము ఉబ్బెను. ఇతర నటులైనచో పాత్రను విడిచి విశ్రమించెడివారేమో! బ్రెట్ విడువలేదు. ఇది ధైర్యమా, పాత్రపట్ల వ్యామోహమా యని విమర్శకులు తర్కించిరి. రెండును కలిసియుండెననుట సత్యమునకు దగ్గర.

1987లో సైన్ ఆఫ్ ఫోర్ నవల పూర్తి చిత్రముగ వెలువడెను. అందు జాన్ థా ధరించిన జొనాథన్ స్మాల్ పాత్ర చిరస్మరణీయము. భారతీయ ప్రేక్షకులు మాత్రము దీనిని రెండు మనసులతో చూడవలసియుండును. ఆగ్రా రత్నములు ఎవరివి, ఎవరు ఎవరినుండి దోచిరి అను విచారము ఆ కథలో లేదు. అండమాను ఆదిమవాసిని డాయిలు క్రూరమృగమువలె వర్ణించుట అజ్ఞానజనితము. మూలమునకు విధేయత యను నియమమునకు ఇట్టి చోట్ల హద్దు కలదని గుర్తించుట మంచిది.

1988లో ప్రసారమైన డెవిల్స్ ఫుట్ అను కథలో బ్రెట్ ఒక్కసారి మాత్రము మూలమును దాటెను. హోమ్సు కొకెయిన్ అను మత్తుమందును సూదితో ఎక్కించుకొనుట డాయిలు వ్రాసినదే. ఈ ధారావాహికను పిల్లలు కూడ చూచుచున్నారని బ్రెట్ కలతపడెను. డాయిలు కుమార్తె జీన్ కొనన్ డాయిలు అంగీకారముతో, హోమ్సు తన సూదిని కార్న్‌వాల్ సముద్రతీరపు ఇసుకలో పాతిపెట్టు ఘట్టమును చేర్చిరి. అక్షరమక్షరమునకు పోరాడిన నటుడు తానై కోరిన మార్పు ఇది. ఆ ఏడాదియే హౌండ్ ఆఫ్ బాస్కర్‌విల్స్ నవలను కూడ చిత్రించిరి. అది తగినంత బాగుగ రాలేదని, మరొకసారి తీయు అవకాశమున్న బాగుండునని బ్రెట్ చింతించుచుండెడివాడు.

ఇదే కాలమున సర్కారు కొలువువారికి ప్రత్యేకముగ రుచించు పాత్ర యొకటి ఈ కథలలో కలదు. హోమ్సు అన్నయగు మైక్రాఫ్టు ప్రభుత్వ శాఖలలో లెక్కలు చూచు ఉద్యోగి. సంవత్సరమునకు నాలుగువందల యేబది పౌనుల జీతము. బిరుదులు లేవు, పదవీకాంక్ష లేదు. కాని అన్ని శాఖల సమాచారము అతని బుర్రలోనే యుండును గనుక ప్రభుత్వము అతడు లేక నడువజాలదు! చార్ల్సు గ్రే ఈ పాత్రను గంభీరమైన సోమరితనముతో నటించి మెప్పించెను. మున్ముందు బ్రెట్ ప్రాణము మీదికి వచ్చినపుడు ఈ అన్నయే ఆదుకొనవలసివచ్చెను.

1988 సెప్టెంబరు మొదలు ఏడాదిపాటు లండనులోని విండమ్స్ థియేటరులో బ్రెట్, హార్డ్‌విక్ ఇరువురే పాత్రధారులుగ హోమ్సు రహస్యము అను నాటకము ప్రదర్శింపబడెను. దానిని బ్రెట్ కోరికపై వ్రాసినవాడు జెరిమీ పాల్. రోగపీడితుడైన నటుడు రాత్రి వెంబడి రాత్రి, తెర చాటు లేకుండ, ఇద్దరితోనే రంగమును నింపుట సామాన్యము కాదు.

1991లో మరి ఆరు కథలు వెలువడెను. 1992, 1993లలో మూడు పూర్తి నిడివి చిత్రములు వచ్చెను. వీనిలో బ్లాక్‌మెయిలరు కథ కొంత మేలు. తక్కిన రెండింటిలో చిన్న కథను సాగదీసి, స్వప్నములను, భూతములను జోడించి, డాయిలును గుర్తింపరాకుండ చేసిరి. పుటకొరకు పోరాడిన నటుని బలము క్షీణించినకొలది పుటయు చేజారిపోయెనని తోచును. 1994లో చివరి ఆరు భాగములు ప్రసారమయ్యెను. వానిలో ఒకదానియందు హార్డ్‌విక్ వేరొక చిత్రమునకు పోయినందున వాట్సను స్థానమున మైక్రాఫ్టు నిలిచెను. మజరిన్ రత్నపు కథలో బ్రెట్ ఆసుపత్రిపాలైనందున హోమ్సు చేయవలసిన పరిశోధననంతయు మైక్రాఫ్టే చేసెను. మరణశయ్యపై పరిశోధకుడు అను కథ కూడ వీనిలోనిదే. అందు హోమ్సు నేరస్థుని పట్టుటకై మృత్యుముఖమున నున్నట్లు నటించును. నటించు నటుడు అప్పటికి నిజముగనే ఊపిరి అందక బాధపడుచున్నవాడు. ఆ భాగమును చూచుట నేటికిని కష్టముగ నుండును.

ఏప్రిలు 11వ తేదీన చివరి భాగము ప్రసారమగుటతో ముప్పదియారు చిన్న భాగములు, అయిదు పూర్తి చిత్రములు, మొత్తము నలువదియొకటి పూర్తియైనవి. అరువది కథలను పూర్తిచేయవలెనను ఆశ నెరవేరలేదు.

తన వ్యాధిని దాచుకొనుట మానమర్యాదలకు మంచిదని ఆ రోజులలో పెక్కుమంది తలచెడివారు. బ్రెట్ దాచుకొనలేదు. మానసిక వ్యాధి సిగ్గుపడవలసినది కాదనియు, వైద్యముచే అదుపునకు వచ్చుననియు బహిరంగముగ చెప్పెను. తన జీవితపు చివరి సంవత్సరమున, అట్టి రోగులకు తోడ్పడు సంఘము కొరకు రేడియోలో విరాళముల విజ్ఞప్తి చేసెను. ఆ కంఠమును ఎరిగినవారు లక్షలమంది. కాని తమవంటి బాధతో గదులలో తలుపులు మూసికొనియున్నవారికి ఆ సాయంకాలము అది హోమ్సు కంఠమువలె గాక, తమ వంటి మనుష్యుని కంఠమువలె వినిపించియుండును.

1995వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన లండనులోని క్లాఫమ్ ప్రాంతమున, తన గృహమునందు, నిద్రలో గుండె ఆగి జెరిమీ బ్రెట్ మరణించెను. వయస్సు అరువదియొకటి. చిత్రింపక మిగిలిపోయిన డాయిలు కథలలో, గాయపడి స్వదేశమునకు తిరిగివచ్చిన వాట్సను ఆసుపత్రి ప్రయోగశాలలో హోమ్సును తొలిసారి కలిసికొను 1887 నాటి నవల కూడ నొకటి.